గొలుసు లేని సర్వే

మొన్నామధ్య బళ్ళారిలో మా బ్రూస్‌పేట సందులోకి మెడలో కార్డు, చేతిలో ఫోను పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. ఇంటింటికీ తిరిగి ఎంతమంది ఉన్నారు, ఏం పని చేస్తారు, ఇల్లు సొంతమా బాడుగా, బండి ఉందా, ఫ్రిజ్ ఉందా అని అడిగి ఫోనులో నొక్కుకుంటూ పోతోంది. ఆమె సందు మొదట్లో ఉండగానే సర్వేవాళ్ళు వచ్చారన్న మాట ఆమెకంటే ముందు మా గుమ్మం దాకా వచ్చేసింది. ఎదురింటావిడ గబగబా బయటికి వచ్చి, కొత్తగా కొన్న స్కూటర్‌ను పక్కింటి కాంపౌండులోకి తోయించింది. ఉన్నది కనబడితే రేషన్ కార్డు పోతుందేమోనని ఆమె భయం. నేను అడిగినవాటికి జవాబులు చెప్పి, ఆ పిల్లకు ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి పంపించి, లోపలికి వచ్చి, వడ్డించుకున్న కంచం మీద మూత పెట్టేశాను. నా వయసువాళ్ళు అన్నం మానేస్తే షుగరని ఒకరంటారు, బీపీ అని ఒకరంటారు. నాకు మాత్రం సంగతి తెలుసు. సర్వే అన్న మాట ఎక్కడ వినబడినా నాకు మా మేనత్త గుర్తుకు వస్తుంది, ఆమె గుర్తుకు వచ్చిన రోజు నాకు అన్నం సహించదు.

ఎమ్మెస్సీ జువాలజీ పూర్తిచేసి నేను ఇంట్లో కూర్చున్న రోజులవి. మీలో నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ కాలంలో ఆడపిల్ల అంత చదువు చదివితే ఇంట్లోవాళ్ళు ముందు సంతోషించి, తర్వాత ఈ చదువును ఏం చేసుకోవాలో తోచక బెంగపడేవాళ్ళు. మా నాన్న మిషను బడిలో లెక్కల మాష్టరు. చర్చిలో పెద్దలంతా పాప ఏం చేస్తోందని ఆదివారం ఆదివారం అడుగుతుంటే చెప్పలేక, ఆరాధన ముగియగానే చెప్పులు వేసుకుని ముందే వచ్చేసేవాడు. అటువంటి సమయంలో నాకు చదువు చెప్పిన సారొకరు, తుంగభద్ర నది మధ్యలో లంకల్లా ఉన్న గడ్డల మీద ఎన్ని రకాల తూనీగలు ఉన్నాయో చూసి రాసే పని తనకు వచ్చిందనీ, వెంట ఒక మనిషి కావాలనీ, జీతం తక్కువే కానీ పని మంచిదనీ కబురు పంపారు. నేను ఎగిరి గంతేశాను. నాన్న మాత్రం ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, తూనీగలా, అని నా వైపు చూశాడు. చిన్నప్పుడు మేమంతా తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసినవాళ్ళమే. కన్నడం మాట్లాడే పిల్లలు దాన్ని ఏరోప్లేన్ చిట్టె అంటే మేము విమానం పురుగు అనేవాళ్ళం. ఆ విమానం పురుగును లెక్కపెట్టడానికి ఎమ్మెస్సీ ఎందుకని ఆయన సందేహం. మరుసటి ఆదివారం చర్చి బయట ఎవరో అడిగితే, మా పాప సర్వేలో చేరింది అని గట్టిగా చెప్పాడు. అబద్ధం కాదు, సారు రాసిన ఉత్తరంలో ఆ మాటే ఉంది. కంప్లి అవతల నది ఒడ్డున ఉన్న తన అక్కకు కూడా అదే మాట చెప్పి పంపించాడు, పాప సర్వే పనిమీద మీ ఊరికే వస్తోంది, నీ దగ్గరే ఉంటుంది అని.

మా అత్త గురించి కొంచెం చెప్పాలి. నాన్నకు ఒక్కతే అక్క. పిల్లలు లేరు, మామ పోయి అప్పటికే చాలా కాలమైంది. ఒడ్డున ఉన్న ఆ చిన్న పల్లెలో వరి నాట్లకూ కలుపులకూ కూలికి పోయేది. ఊరికి ఎదురుగా నది మధ్యలో ఒక గడ్డ ఉండేది. ఎగువ కొసన ఏనుగుల్లాంటి బండలు, వాటి వెనక వందల ఏళ్ళుగా వరదలు తెచ్చి పోసిన ఒండ్రు, దిగువ కొసన నీళ్ళూ బురదా కలిసిన పల్లం, అందులో మనిషెత్తు జమ్ము. బతికి ఉన్నప్పుడు మామ గేదెలతో ఈదుకుంటూ ఆ గడ్డ మీదికి పోయి, మధ్యలో ఉన్న ఒండ్రులో దోసపాదులు పెట్టాడట. ఆయన తర్వాత అత్త దాన్ని వదిలిపెట్టలేదు. వానలు వెనకబట్టి డ్యామ్ గేట్లు మూసి నది తగ్గగానే గుండ్రటి బుట్టపడవ లాంటి పుట్టి ఎక్కి అక్కడికి పోయేది. దోస, సొర, బెండ, నాలుగు వరసలు మిరప. మళ్ళీ నీళ్ళు వచ్చేలోగా ఎంత పండితే అంత. కంప్లి సంతలో అమ్మగా మిగిలిన మంచి కాయలు ఏరి, కోతపండుగకు చర్చిలో కానుకగా ఇచ్చేది. వాటిని వేలం వేసినప్పుడు ఇవి గడ్డమీద దోసకాయలు అని పాస్టరుగారు ప్రత్యేకంగా చెప్పేవారు, ఆ ఒక్క పూట అత్త తల పైకెత్తి కూర్చునేది. ఆ నేలకు కాగితం మాత్రం లేదు. పట్టా లేకుండా సర్కారు నేల సాగుచేసుకునేవాళ్ళకు ఆ నేల వాళ్ళదేనని చీటీలు ఇస్తారని ఆ రోజుల్లో పల్లెల్లో ఒకటే మాట. బగర్ హుకుం అనేవాళ్ళు దాన్ని. ఇస్తారు, ఇస్తారు అంటూనే ఏళ్ళు గడిచిపోతున్నాయి. సర్వేవాళ్ళు వచ్చి కొలిస్తేనే చీటీ అని ఎవరో అత్తకు చెప్పారు. ఆ కొలిచేవాళ్ళ కోసం ఆమె మెస్సీయ కోసం చూసినట్టు ఎదురుచూస్తోంది.

సరిగ్గా అప్పుడు నేను దిగాను.

బస్సు దిగి ట్రంకుపెట్టె పట్టుకుని ఇంటికి పోయేసరికి వాకిట్లో నలుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని ఉంది. నన్ను చూడగానే లేచి వచ్చి రెండు చేతులతో బుగ్గలు పట్టుకుని, "ఏమ్మే కోడలా, వచ్చినావా! సర్వేకి మన పిల్లే వస్తాండాదని మీ నాయిన చెప్పి పంపినాడు. దేవుడు ఊరకే ఉండడమ్మా, ఊరకే ఉండడు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమైన మరుక్షణం, అందరి ముందరే, అత్తా ఇది నేల సర్వే కాదు, మేము తూనీగలను లెక్కపెట్టేదానికి వచ్చాము అని చెప్పాను. ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అత్త మాత్రం నవ్వింది. వాళ్ళంతా వెళ్ళిపోయాక నా చెవి దగ్గరికి వచ్చి, "హౌదు హౌదు, తూనీగలే. కచేరి మాట బయట చెప్పగూడదని నాకు తెల్దా? నువ్వు తూనీగలనే చెప్పు, నేనూ అదే చెప్తా" అంది.

మా పని ఎట్లా ఉండేదో చెప్తే, ఆమెను తప్పుపట్టలేమని మీకూ అనిపిస్తుంది. ఎండ బాగా కాసేటప్పుడే తూనీగలు చురుగ్గా ఎగురుతాయి కాబట్టి పొద్దెక్కాక పుట్టిలో గడ్డకు చేరేవాళ్ళం. ప్రతిసారీ ఒకే దారిలో నడిచి రెండు పక్కలా కనబడినవి రాయాలి కనుక, నీళ్ళ అంచు వెంబడి తాడు లాగి, అక్కడక్కడా కట్టెలు పాతి వాటికి ఎర్రగుడ్డ కట్టాం. ఆ ఎర్రగుడ్డ కూడా మా అత్త పాత చీరే, అడగకముందే పీలికలుగా చించి ఇచ్చింది. తల మీద టోపీ పెట్టుకుని సారు ముందు, పుస్తకం పట్టుకుని నేను వెనక, నాలుగడుగులకు ఒకసారి ఆగి చూసి రాసుకుంటూ నడిచేవాళ్ళం. నేల కొలవడం చూసిన ఏ మనిషైనా దీన్ని ఇంకేమనుకుంటాడు? మేము పుట్టిమామ అని పిలిచే పుట్టివాడు ఒక్కడే మొదటిరోజు తూనీగలు పట్టే మా వలను చూసి సందేహపడ్డాడు. "ఏందప్పా ఇది, సర్వే అంటిరి, నేల కొలిచే గొలుసు యాడ? వల యాల తెచ్చినారు?" అని సారునే అడిగాడు. సారు తూనీగల గురించి ఆయనకు చాలాసేపు కన్నడంలో వివరించారు. అంతా విని ఆయన, ఇప్పుడు గొలుసు పోయి కొత్తరకం సర్వే వచ్చిందట అని సాయంత్రానికి ఊరంతా చెప్పేశాడు.

ఆ పని నాకు ఎంత నచ్చిందో ఇప్పుడు చెప్పినా మా ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. తూనీగ పిల్ల నీళ్ళలో, బురదలో బతుకుతుంది. ఎదిగాక జమ్ము కాడ పట్టుకుని పైకి పాకి, వీపు చీల్చుకుని రెక్కలతో బయటికి వస్తుంది. ఖాళీ పొట్టు ఆ కాడకే అంటుకుని మిగిలిపోతుంది. ఎగిరే తూనీగ ఎక్కడినుంచైనా రావచ్చు, పొట్టు దొరికితే మాత్రం అది అక్కడ పుట్టినట్టే. మోకాలి లోతు బురదలో నిలబడి ఆ పొట్టులు ఏరి అగరొత్తుల డబ్బాలలో దాచేదాన్ని. రెక్కలు చాచి కూర్చునేవి, మూసుకుని కూర్చునే సూదుల్లాంటి సన్నవి, పసుపూ నలుపూ కలిసి సీతాకోకచిలుక అనిపించేవి, ఇటుకపొడి రంగువి, ఎన్నో. ఆ పల్లంలోనే, నది మీద మరే గడ్డలోనూ మాకు కనబడని ఒక సన్నరకం ఉండేది, తోక కొసన మాత్రం నీలం. దాన్ని చూసినప్పుడల్లా సారు గొంతు తగ్గించి మాట్లాడేవారు, చర్చిలో మాట్లాడినట్టు. ఒక ఏడాది పొడుగునా చూసి రాయగలిగితే ఆ పల్లాన్ని కాపాడమని పైవాళ్ళను అడగవచ్చునని ఆయన ఆశ. నా ఆశ నాది. నేను చేసిన పనితో ఒక చోటు నిలబడిందని ఎప్పుడైనా చెప్పుకోవాలని.

సాయంత్రం అన్నానికి కూర్చుంటే అత్త ప్రార్థన చేసేది. ఆ ప్రార్థన ఆ రోజుల్లో రోజురోజుకూ పెరిగిపోయింది. "ప్రభువా, ఈ అన్నం ఇచ్చినందుకు స్తోత్రం. ఆ సారప్పకు మంచి చూపు ఇయ్యి తండ్రీ. ఆ తాడు మా పక్కకు బాగా సాగేటట్ల చెయ్యి. నా కోడలి చేతిరాత తప్పు పోకుండా కాపాడు" అని ఆమె కళ్ళు మూసుకుని అడుగుతుంటే నాకు మొదట నవ్వు వచ్చేది, తర్వాత నవ్వు పోయి గుబులు పట్టుకుంది. ఆమేన్ అనాలా వద్దా అని నోట్లోనే నలిపేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక, తిన్న కంచం పక్కన పెట్టి, డబ్బాలోనుంచి పొట్టులు తీసి చాప మీద పోసి, ఇదిగో అత్తా, నేను చేసే పని ఇదీ, దీనికీ నీ నేలకూ ఏ సంబంధమూ లేదు, నేను రాస్తే చీటీ రాదు, నన్ను నమ్ముకుని కూర్చోకు అని బతిమాలినట్టు చెప్పాను. ఆమె ఒక పొట్టును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. నమ్మిందనే అనుకున్నాను. దాన్ని తిరిగి డబ్బాలో వేస్తూ, "అయితే ఆ జమ్ము ఉండే తావును ఏమని రాస్తారే?" అని అడిగింది. చిత్తడి నేల అని రాస్తామని ఉన్నమాట చెప్పాను. "అంటే ఖరాబు అనేనా?" అంది. సాగుకు పనికిరాని నేలను రికార్డులో ఖరాబు అని రాస్తారు, అట్లా రాసిన నేలకు చీటీ ఇవ్వరు. నాకు అప్పట్లో ఆ మాటకు అంత అర్థం ఉందని తెలియదు. ఖరాబు కాదత్తా, మాకు ఆ గడ్డ అంతటిలోకీ పనికివచ్చేది ఆ తావే అన్నాను. ఆమె ముఖం ఎందుకు వాడిపోయిందో ఆ సమయంలో నాకు తట్టలేదు. వాళ్ళకు పనికివచ్చేది అంటే సర్కారు తీసేసుకునేది అని ఆమెకు అర్థమైందట. ఆ సంగతి చాలా కాలం తర్వాత పుట్టిమామ చెప్తే తెలిసింది.

చలికాలం పని అయ్యాక మేము బళ్ళారికి వచ్చేశాము. ఏరిన పొట్టులన్నీ విడదీసి, పేర్లు చూసి రాసుకునేసరికి ఎండలు ముదిరాయి. అత్త దగ్గరనుంచి ఒక సంచీడు దోసకాయలు వచ్చాయి, కబురేమీ రాలేదు. ఎండాకాలం నడిమధ్యలో మళ్ళీ పోయాం. పుట్టి గడ్డను సమీపిస్తుంటే ఏదో తేడాగా కనబడింది గానీ ఏమిటో తెలియలేదు, ఆకాశం ఎక్కువైనట్టుగా ఉంది. దిగి రెండు అడుగులు వేశాక తెలిసింది. జమ్ము లేదు. ఒక్క కాడ కూడా లేదు. వేళ్ళతో సహా పెళ్ళగించి కాల్చిన బూడిద కుప్పలు, పల్లం నిండా మధ్యలో ఉన్న మెరక నుంచి తవ్వి తెచ్చిపోసిన మట్టి, దాని మీద దారం పట్టి గీసినట్టు బోదెలు, బోదెల్లో అప్పుడే మొలకెత్తిన బెండ. మేము పాతిన కట్టెలు మాత్రం భద్రంగా ఉన్నాయి. వాటి చుట్టూ అత్త రాళ్ళు పేర్చి, వాడిపోయిన పీలికలు తీసేసి కొత్తగుడ్డలు కట్టింది.

అంత పని ఆమె ఒంటిచేత్తో చెయ్యలేదు. మన పక్క ముయ్యి అనే పద్ధతి ఉంది కదా, ఈ రోజు నీ పొలంలో నేను చేస్తే రేపు నా పొలంలో నువ్వు చెయ్యాలి. అత్తకు సొంత పొలం లేదు కాబట్టి ఊరివాళ్ళ పొలాల్లో ఆమె చేసిన ముయ్యి పనులన్నీ ఏళ్ళుగా అట్లాగే ఉండిపోయాయి, తిరిగి రమ్మని ఆమె ఎవరినీ ఎప్పుడూ అడగలేదు. ఆ ఎండాకాలంలో అందరినీ ఒక్కసారిగా అడిగింది. వచ్చారు, పాపం, అందరూ వచ్చారు. ఆడవాళ్ళంతా నడుములు విరిగేలా జమ్ము వేళ్ళు లాగారు, గంపలతో మట్టి మోశారు. బతుకంతా దాచుకున్నదాన్ని ఆమె అక్కడ ఖర్చుపెట్టేసింది.

మమ్మల్ని చూసి బోదెల మధ్యలోనుంచి లేచి వచ్చింది. నల్లగా మాడిపోయి, సగానికి చిక్కిపోయి, చేతులు రెండూ జమ్ము ఆకులు కోసిన గీతలతో. "చూడు కోడలా, సారప్పకు చూపించు. యాడన్నా జానెడు ఖరాబు ఉండాదేమో చూడమను" అని, నాకు బహుమానం ఇచ్చినంత సంబరంగా చెయ్యి చాచి చూపించింది. నాకు ఒళ్ళు తెలియలేదు. మా అత్తను నేను అంతకుముందు ఎప్పుడూ ఎదిరించి మాట్లాడి ఎరగను. ఆ రోజు అరిచాను. ఏం చేశావు, నీకు ఎన్నిసార్లు చెప్పాను, చెవులు లేవా నీకు, అంతా నాశనం చేశావు కదా అని గొంతు పగిలేలా అరుస్తూ ఏడ్చాను. ఆమె ఒక క్షణం బెదిరింది. తర్వాత సారు వైపు ఒకసారి చూసి, నా వైపు చూసి, కళ్ళతోనే చిన్నగా నవ్వి, నాకు మాత్రమే వినబడేలా, "సరేలే, సుమ్నిరు, ఊరుకో. సారు ముందర నువ్వు అట్లే అనల్ల. మనిద్దరం కలిసినామని తెలిస్తే నీ పనికే చేటు" అంది. అంతే, నా ఏడుపు కూడా ఆగిపోయింది.

సారు బండ మీద కూర్చుని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ వైపు చాలాసేపు చూశారు. లేచేటప్పుడు మాత్రం దిగువ కొస దాకా నడిచి, కాలితో ఆ కొత్తమట్టిని నొక్కి చూసి, దీన్ని పట్టుకుని ఉన్నది ఆ వేళ్ళేనమ్మా, నిండా నీళ్ళు వస్తే, అని ఆపేశారు. ఆ మాటను నేను అత్తకు చెప్పాను. ఇంకా అరవడం అయిపోలేదా అన్నట్టు నవ్వి, నాకు ఇష్టమని బెండకాయ వేపుడు చేసింది. ఆ గడ్డ మీద ఇంక చూసి రాసేదేమీ లేదు కనుక సారు పనిని మరో చోటికి మార్చుకున్నారు. ఆ మరో చోటు చాలా దూరం కావడంతో నాన్న నన్ను పంపలేదు. నా ఉద్యోగం అట్లా పోయింది. దానికి నేను అప్పుడు ఏడ్చానే గానీ, ఇప్పుడు ఆ ఏడుపు గుర్తుకు తెచ్చుకుంటే నా మీద నాకే చిరాకు.

ఆ ఏడు వానలు ఎగువన బాగా పడ్డాయి. డ్యామ్ నిండింది, గేట్లన్నీ ఎత్తారు. ఏటా ఎత్తేవే, ఏటా ఆ గడ్డ మునిగి మళ్ళీ తేలేదే. ఈసారి నీళ్ళు తగ్గాక తేలింది బండలు మాత్రమే. వాటి వెనక ఉండవలసిన ఒండ్రు, బోదెలు, పాదులు, పల్లం, ఏమీ లేవు, నీళ్ళు నేరుగా పారుతున్నాయి. కబురు తెలిసి నాన్నా నేనూ పోయేసరికి అత్త ఒడ్డున ఒక రాయి మీద కూర్చుని ఉంది. దోస గింజల మూట ఒళ్ళో ఉంది. ఏటా నీళ్ళు తగ్గగానే వేసే గింజలు, ఆ ఏడూ ఎప్పటిలాగే తెచ్చుకుంది. నాన్న పక్కన కూర్చుని ఏదో చెప్పబోయి తానే బావురుమన్నాడు. ఆయన ఏడుపులో ఏముందో నాకు తెలుసు, తూనీగలని చెప్పడానికి సిగ్గుపడి సర్వే అని చెప్పి పంపిన మనిషి. ఆమెకు తెలియదు. తమ్ముడి వీపు నిమురుతూ, "నువ్వేల ఏడుస్తావురా, పాప చెయ్యాల్సింది చేసినాది గదా" అంది.

తప్పు ఎవరిదని తేల్చడానికి ఇది రాయడంలేదు. ఎన్నోసార్లు తేల్చి చూశాను, తేలలేదు. సారు చేసిన పని మంచిపనే. నాన్న చెప్పిన మాట ఉన్నమాటే. నేను చెవినిల్లు కట్టుకుని చెప్పాను. ఆమె కోరింది, మొగుడు సాగుచేసిన నేల తనదని ఒక కాగితం. ఇందులో ఎవరికీ ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీలు లేకపోవడమే నన్ను ఇన్నేళ్ళుగా నిద్రపోనివ్వని సంగతి. ఎవరైనా మోసం చేసి ఉంటే వాళ్ళను తిట్టుకుని అయినా బతికేవాళ్ళం.

తర్వాత ఇంకొన్నేళ్ళు ఆమె కూలికి పోయింది. వంగలేకపోయాక నేను వెళ్ళి బ్రూస్‌పేటకు తీసుకొచ్చాను. అప్పటికి నేను కాలేజీలో లెక్చరరును, నాన్న లేడు. ఆమె మా ఇంట్లో మంచం మీద కూర్చుని వచ్చినవాళ్ళందరికీ ఆ కథ చెప్పేది. చర్చి ఆడవాళ్ళు పరామర్శకు వస్తే చెప్పేది, పాలవాడికి చెప్పేది, నా దగ్గర చదువుకునే పిల్లలు వస్తే వాళ్ళకూ చెప్పేది. "మా కోడలు అంతా రాయించే పెట్టినాది. ఒక్క జానెడు ఖరాబు లేకుండా రాయించినాది. చీటీ వచ్చే లోపల ఏటికే ఓర్పు లేకపాయ" అని. నేను వంటింట్లో నిలబడి ఆ మాటలు వినేదాన్ని. ఒక్కసారి, ఒకే ఒక్కసారైనా, నీ వల్లే నా నేల పోయిందే అని ఆమె నన్ను తిట్టి ఉంటే నా గుండె తేలికయ్యేది. ఆఖరు రోజుల్లో ఒక మధ్యాహ్నం మళ్ళీ ధైర్యం చేసి పక్కన కూర్చుని, అత్తా, నిజంగా అవి తూనీగలే, నేను నీ నేల గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు అన్నాను. చూపు ఆనని కళ్ళతో నా వైపు తిరిగి, నా చెయ్యి వెతుక్కుని పట్టుకుని, "ఇప్పుడు రిటైరైనాక కూడా చెప్పగూడదా అమ్మా?" అంది. నాకు రిటైర్మెంటుకు ఇంకా చాలా ఏళ్ళు ఉన్నాయి. ఆ సంగతి చెప్పలేదు. చెప్పగూడదత్తా అన్నాను. ఆమె తృప్తిగా కళ్ళు మూసుకుంది.

ఆ బండలు ఇప్పటికీ ఉన్నాయి. కంప్లి వంతెన మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దూరంగా కనబడతాయి. అక్కడ ఒకప్పుడు నేల ఉండేదని చెప్తే పక్కనున్న పిల్లలు ఫోనులో మ్యాపు తీసి చూసి, అవును ఆంటీ, నీళ్ళే ఉన్నాయి అంటారు. కాలం ఎంతో మారింది. ఇప్పుడు నేను ఏ పురుగు పేరు చెప్పినా, ఏ సంగతి చెప్పినా, ఫోనులో సరిచూసుకుని మీరు చెప్పింది కరెక్టే మేడమ్ అనేవాళ్ళు చాలామంది. నా మాటను నమ్మేవాళ్ళకు ఈ రోజు కొదవలేదు. నేను నోరు తెరిచి కాదన్నా వినకుండా, నా మాటను పక్కన పెట్టి నన్ను నమ్మిన మనిషి మాత్రం నాకు ఆమె ఒక్కతే.